ముసురు వెళ్ళిపోయాక వరిలో సుడిదోమ ఎందుకు విరుచుకుపడుతుంది?

"నిరుడు ఇదే రకం, ఇదే చేను, దోమ జాడే లేదు. ఈ సార్వాలో (ఖరీఫ్‌లో) పది రోజులు ముసురు పట్టింది, ఇప్పుడు ఎండ కాస్తుంటే వరి సుడులు సుడులుగా ఎండుతోంది. వాతావరణమే కారణమా?" అని మీరు అడిగారు. మాదీ గోదావరి డెల్టాయేనండీ, ఈ దెబ్బ నేనూ తిన్నాను.

వాతావరణమే మొదటి కారణం. అయితే పైన ఆకాశం కంటే దుబ్బుల మొదట్లో ఎలా ఉందన్నది ముఖ్యం. వరి మొదళ్ళలో చేరి రసం పీల్చే ఈ సుడిదోమకు 25 నుంచి 30 డిగ్రీల వేడి, బాగా తేమ, ఎండ తగలని నీడ కావాలి. ముసురు పట్టినన్నాళ్ళూ చేనులో నీళ్ళు నిలుస్తాయి, గాలి ఆడదు, మొదళ్ళు ఆరవు. గుడ్డు పగలడానికి ఓ వారం, పిల్ల పెద్దదవడానికి మరో రెండు వారాలు. అందుకే ముసురులో మొదలైన సంతతి మనకు మూడు నాలుగు వారాల తర్వాత, ఆకాశం తెరిపిచ్చాక కనబడుతుంది. మనమేమో అప్పటి ఎండను చూసి "ఇప్పుడు దోమేంటి" అనుకుంటాం.

2020 అక్టోబరులో కాకినాడ దగ్గర వాయుగుండం తీరం దాటినప్పుడు మా చేను రోజుల తరబడి నీళ్ళలో ఉంది. నీరు తీశాక పైరు పసుపెక్కిందని యూరియా కాస్త ఎక్కువే చల్లాను. ఆకుముడత కనబడితే సైపర్‌మెత్రిన్ అనే పురుగుమందు కొట్టాను. ఈ రెండూ పెద్ద తప్పులు. యూరియాకు పైరు గుబురుగా, మెత్తగా పెరిగింది, దోమకు కావలసింది అదే. సైపర్‌మెత్రిన్‌కు దోమను తినే సాలీళ్ళు, మిరిడ్ నల్లులు పోయాయి. ఇరవై రోజులకు చేను మధ్యలో మంచమంత మేర ఎండుగడ్డి రంగుకు తిరిగింది. దుబ్బును వంచి రెండు తట్లు తడితే నీళ్ళ మీద గోధుమ రంగు పురుగులు రాలాయి, పిల్లలు విడిచిన తెల్లటి పొరలు తేలాయి. పొట్టిరెక్కల ఆడదోమలు కూడా కనబడ్డాయి. ఎగిరిపోలేని ఈ ఆడవి అక్కడే వందల్లో గుడ్లు పెడతాయి. నాలుగు రోజుల్లో ఆ మచ్చ ఎంత పెరిగిందో తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

అప్పటి నుంచి ముసురు పట్టిన తేదీ గోడ క్యాలెండర్ మీద రాసుకుంటున్నాను. అక్కడి నుంచి వారానికి రెండుసార్లు చేనులోకి దిగి, గట్టు మీద నుంచి కాకుండా మధ్యలో, ఇరవై దుబ్బులు తట్టి చూస్తాను. పిలక దశలో దుబ్బుకు 10–15, ఈనే దశలో 20–25 దోమలుంటేనే మందు. నాటేటప్పుడే ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట తూర్పు పడమరలుగా వదులుతున్నాను. సాంబ మసూరి దోమకు తట్టుకోదు కాబట్టి లోతట్టు మడిలో దోమను తట్టుకునే ఎం.టి.యు. 1061 రకం వేస్తున్నాను.

అన్ని పురుగులకూ ఇదే లెక్క వర్తించదు. మిరపలో తామర పురుగు పొడి వాతావరణంలో పెరుగుతుంది, జోరు వాన పడితే చాలావరకు కొట్టుకుపోతుంది. పక్కింటివాళ్ళు మిరపకు కొట్టారని మనం వరికి కొట్టకూడదు.

మీ చేనులో ఇప్పటికే సుడులున్నాయి కాబట్టి ముందు నీళ్ళు తీసేసి ఆరగట్టండి, యూరియా ఆపండి. ఎండిన దుబ్బుల్లో దోమ ఉండదు, దాని చుట్టూ పచ్చగా ఉన్నవాటిలోకి జరిగి ఉంటుంది. అక్కడ పైరును పాయలుగా విడదీసి, లీటరు నీటికి పైమెట్రోజైన్ 0.6 గ్రాములు గానీ డైనోటెఫ్యూరాన్ 0.4 గ్రాములు గానీ కలిపి, ఎకరానికి 200 లీటర్లు పడేలా మొదళ్ళు తడపండి. ఆకుల మీద పడిన మందు దోమను చేరదు.