నానో బంగారు చిప్ రక్తం ముందు ఎందుకు తడబడుతుంది?

నానో రంధ్రాలు చేసిన బంగారు పొరతో తయారయ్యే ఆప్టికల్ బయోసెన్సర్లు ప్రయోగశాలలో అంత చక్కగా పనిచేస్తూ, అసలైన రక్తం దగ్గరికి వచ్చేసరికి ఎందుకు తడబడతాయని అడిగారు. ఇటువంటి చిప్‌ల మీద కొన్నేళ్లు పనిచేసిన అనుభవంతో చెబుతున్నాను: లోపం లోహంలో లేదు, దాని మీద మనం పరిచే రసాయన పొరలోనే ఉంది.

పరిశోధక విద్యార్థిగా ఉన్న రోజుల్లో ఒక ప్రొటీన్‌ను పట్టుకునే యాంటీబాడీలను చిప్‌కు అంటించి, ఆ ప్రొటీన్ కలిపిన సీరాన్ని (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవాన్ని) దాని మీదుగా పంపాను. పది నిమిషాల్లో ప్లాస్మాన్ శిఖరం (బంగారంలోని ఎలక్ట్రాన్లు కాంతితో కలిసి గట్టిగా ఊగే తరంగదైర్ఘ్యం) దాదాపు 2 నానోమీటర్లు ఎరుపు వైపు జరిగింది. బఫర్‌తో (ఆమ్లత మారకుండా ఉంచే శుభ్రమైన ద్రావణంతో) కడిగినా వెనక్కి రాలేదు కనుక బంధం గట్టిగా కుదిరిందని నమ్మి, ఆ రాత్రే గ్రాఫులు గీశాను. మర్నాడు ఆ ప్రొటీన్‌తో ఏ సంబంధమూ లేని యాంటీబాడీ ఉన్న మరో చిప్ మీద అదే సీరం పంపితే, శిఖరం ఇంచుమించు అంతే జరిగింది. మూడు నెలలుగా నేను కొలుస్తున్నది సీరంలోని ఇతర ప్రొటీన్లు బంగారానికి అతుక్కోవడాన్ని మాత్రమేనని అప్పుడు తెలిసింది.

ఉపరితలం పక్కన వక్రీభవన గుణకం (కాంతిని ఎంత వంచుతుందో చెప్పే కొలత) మారిందన్న సంగతే కాంతికి తెలుస్తుంది, మార్చిన అణువు ఏదో తెలియదు. ఒక మిల్లీలీటరు సీరంలో 60 నుంచి 80 మిల్లీగ్రాముల ప్రొటీన్లుండగా, మనం వెతికేది చాలాసార్లు నానోగ్రాములలోనే ఉంటుంది. అతుకుడును ఆపడానికి పాలిఇథిలీన్ గ్లైకాల్ పొర మందంగా పరుద్దామంటే, అణువులను పసిగట్టే విద్యుత్ క్షేత్రం బంగారం నుంచి దూరం పెరిగేకొద్దీ వేగంగా క్షీణిస్తుంది. యాంటీబాడీయే పది నానోమీటర్లకు పైగా ఉంటుంది కనుక, రక్షణ పొర మందమయ్యేకొద్దీ అసలు సంకేతమే సన్నగిల్లుతుంది.

రంధ్రాల ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని చిత్రాలను పెద్దవిగా ముద్రించి, సంబంధం లేని యాంటీబాడీతో చేసిన పరీక్షను మాత్రం అనుబంధంలోకి నెట్టే పరిశోధన పత్రాలను చూస్తే నాకు నేటికీ బాధ కలుగుతుంది. శుద్ధమైన బఫర్‌లో వచ్చిన ఫలితాన్ని రక్తపరీక్ష అనడం తప్పు.

ఆ తర్వాత ప్రతి చిప్‌లోనూ సగభాగాన్ని పోలిక కోసం సంబంధం లేని యాంటీబాడీకే కేటాయించాను. రెండు భాగాల మధ్య తేడా 0.3 నానోమీటర్లు కూడా రాలేదు, నా నివేదికలో ఆ అంకెనే రాశాను.