కామన్ మీటరు బిల్లు పెరిగితే ముందు చూడవలసింది లిఫ్టును కాదు, బోరును

హైదరాబాదు లాంటి కిక్కిరిసిన నగరంలో కరెంటు ఎక్కువగా దేనికి ఖర్చవుతుందని, మీ అపార్టుమెంటు కామన్ మీటరు (లిఫ్టు, మోటార్లు, మెట్ల దీపాల వంటి ఉమ్మడి వాడకాన్ని లెక్కించే మీటరు) బిల్లు వేసవిలో పెరగడానికి లిఫ్టే కారణమా అని అడిగారు. ఇరవై నాలుగు ఫ్లాట్లున్న మా అయిదంతస్తుల భవనానికి మూడేళ్లు కార్యదర్శిగా ఉన్నాను కనుక, మేము స్వయంగా కొలిచి తెలుసుకున్నది చెబుతాను.

మేమూ మొదట లిఫ్టునే అనుమానించాం. మొదటి అంతస్తు వాళ్లు మెట్లెక్కాలని సమావేశంలో తీర్మానం కూడా చేశాం. తరువాత ఎలక్ట్రీషియన్ సలహాతో లిఫ్టుకు, బోరుకు, సంపు మోటారుకు విడివిడిగా సబ్ మీటర్లు పెట్టించి, వాచ్‌మన్ చేత రోజూ రీడింగులు రాయించాం. ఆ ఏప్రిల్‌లో మొత్తం 950 యూనిట్లు కాలితే, అందులో లిఫ్టు వాటా 170 మాత్రమే. సంపు నుంచి పై ట్యాంకుకు నీళ్లెక్కించడానికి 60 అయ్యాయి. బోరు మోటారు ఒక్కటే 540 యూనిట్లు తీసుకుంది. మిగిలినవి మెట్ల దీపాలు, పార్కింగ్ దీపాలవి.

కారణం లోతు. వేసవిలో మా బోరులో నీరు దాదాపు 800 అడుగులకు దిగిపోతుంది. సంపు నుంచి మిద్దె మీదికి ఎత్తవలసింది 70 అడుగులైతే, భూమిలోంచి సంపుదాకా అంతకు పదకొండు రెట్ల ఎత్తు లాగాలి. మా లెక్కలో వెయ్యి లీటర్ల బోరు నీటికి సుమారు ఒకటిన్నర యూనిట్లు పడ్డాయి.

అలాగని కుళాయి నీరు కరెంటు లేకుండా వస్తుందని అనుకోవద్దు. నగరానికి కృష్ణా జలాలు నాగార్జునసాగర్ నుంచి వస్తాయి. సాగర్ నిండుగా ఉన్నప్పుడు నీటిమట్టం 590 అడుగులు, అంటే సముద్రమట్టానికి సుమారు 180 మీటర్లు. హైదరాబాదు ఉన్నది 540 మీటర్ల ఎత్తున. ఏ నష్టమూ లేని పంపు ఉందనుకున్నా, వెయ్యి లీటర్లను ఆ 360 మీటర్లు ఎత్తడానికి దాదాపు ఒక యూనిట్ కావాలి. పంపుల నష్టాలు, నూరు కిలోమీటర్లు దాటిన పైపులలోని రాపిడి కలిస్తే ఇంకా ఎక్కువవుతుంది. ఈ యూనిట్లు మన మీటరులో కనిపించవు కాబట్టి, రాత్రంతా కారే కుళాయి కరెంటును కూడా కాలువ పాలు చేస్తోందని ఎవరికీ తోచదు. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే. ట్యాంకరు నీటికైతే దానికి తోడు డీజిల్ కూడా ఖర్చవుతుంది.

డీజిల్ మాట వచ్చింది కనుక జనరేటరు సంగతీ చెప్పాలి. లీటరు డీజిల్‌లో సుమారు పది కరెంటు యూనిట్లకు సమానమైన వేడి ఉంటే, చిన్న జనరేటరు నుంచి మూడు యూనిట్ల కరెంటు రావడమే గొప్ప. అందుకే మేము దానిమీద లిఫ్టు, మెట్ల దీపాలు తప్ప మోటార్లు నడపడం మానేశాం.

ఫ్లాట్లలోపలి ఖర్చులో వేసవి భారం ఏసీలదే. ఇక్కడ ఇళ్ల ఇరుకుదనమే నష్టం చేస్తుంది. మాకూ పక్క భవనానికీ మధ్య ఉన్న సన్నటి సందులోకి రెండు వైపుల ఏసీల అవుట్‌డోర్ యూనిట్లూ వేడిగాలి వదులుతాయి. ఆ గాలి పోయే దారి లేక అక్కడే నిలిచి, ఏసీలన్నిటికీ పని పెంచుతుంది. మేము కొన్ని అవుట్‌డోర్ యూనిట్లను మిద్దె మీదికి మార్పించి, మిద్దెకు ఎండను తిప్పికొట్టే తెల్లటి కూల్ పెయింటు వేయించాం. పై అంతస్తు వాళ్లకు రాత్రి ఉక్క తగ్గింది.

బోరు విషయంలో మేము చేసినవి మామూలు పనులే: కారే ఫ్లష్ ట్యాంకులన్నీ ఒకే వారంలో బాగు చేయించాం, కుళాయిలకు ఏరేటర్లు (ధారలో గాలి కలిపి నీటి వాడకం తగ్గించే జాలీలు) బిగించాం, ట్యాంకు నిండి పొర్లకుండా ఫ్లోట్ స్విచ్ పెట్టాం, వాన నీటికి ఇంకుడు గుంత తవ్వించాం. మరుసటి ఏప్రిల్‌లో బోరు రీడింగు 390 యూనిట్లకు దిగింది. మీరు కూడా ముందుగా బోరుకు సబ్ మీటరు పెట్టించి, ఒక నెల రీడింగులు రాయించండి. లిఫ్టు గురించి ఆ తరువాతే మాట్లాడుకోవచ్చు.