సోషల్ కేర్‌లో ఓటీకి (ఆక్యుపేషనల్ థెరపిస్టుకి) ప్రమోషన్ ఎలా వస్తుంది?

ప్రశ్న: అక్కా, నమస్తే. నేను బీఓటీ (ఆక్యుపేషనల్ థెరపీ డిగ్రీ) చేసి, హైదరాబాద్‌లో పిల్లల థెరపీ సెంటర్లో పనిచేశాను. ఈ మధ్యే ఇంగ్లండ్ వచ్చి, ఒక కౌన్సిల్లో (స్థానిక ప్రభుత్వ సంస్థలో) పెద్దవాళ్ల సోషల్ కేర్ టీమ్‌లో ఆక్యుపేషనల్ థెరపిస్టుగా చేరాను. నాతో వచ్చిన ఫ్రెండ్ ఎన్‌హెచ్‌ఎస్‌లో (ప్రభుత్వ ఆరోగ్య సేవలో) జీతం బ్యాండ్ 5 నుంచి 6కి వెళ్లిపోయింది. నేనేమో రోజంతా బాత్రూములు, మెట్లు కొలుస్తున్నాను. థెరపీ అన్నదే లేదు. ఇక్కడ ఎదుగుదల ఉంటుందా, లేక నేనూ ఎన్‌హెచ్‌ఎస్‌కి మారిపోవాలా?

జవాబు: అమ్మా, ఈ బాధ మీ ఒక్కరిదే కాదు. మన దగ్గర నుంచి కౌన్సిల్ ఉద్యోగంలోకి వచ్చిన ఓటీలు చాలామంది మొదట్లో ఇదే మాట అంటారు. అక్కడ మన పనితనం చేతుల్లో కనిపించేది. పిల్లాడు చెంచా పట్టుకున్నాడా, బటన్ పెట్టుకున్నాడా అని తల్లిదండ్రులు కళ్లారా చూసేవాళ్లు. ఇక్కడ మీ పని, పెద్దవాళ్ల సంరక్షణ అవసరాలను కౌన్సిల్ ఎలా చూడాలో చెప్పే 2014 నాటి కేర్ యాక్ట్‌తో ముడిపడి ఉంది. ఆ మనిషికి అవసరం ఏమిటి, కౌన్సిల్ ఎందుకు ఇవ్వాలి అన్నది మీరు తేల్చాలి, తేల్చింది రాతలో నిలబెట్టాలి. సోషల్ కేర్‌లో ఓటీని పైకి తీసుకెళ్లేది ఆ రాతే.

ఒక ఉదాహరణ చెబుతాను. పక్షవాతం వచ్చిన డెబ్బై ఏళ్లు దాటిన ఆవిడ, కొడుకుతో ఉంటారు. స్నానపు తొట్టిలోకి దిగలేరు. కొత్తగా చేరినవాళ్లు "తొట్టి వాడలేరు, లెవెల్ యాక్సెస్ షవర్ (గడప, మెట్టు లేని షవర్) కావాలి" అని రాసి వచ్చేస్తారు. మేనేజర్ వెనక్కి పంపుతారు. అనుభవం ఉన్న ఓటీ ఏం రాస్తుంది? ఆవిడ ఇప్పుడు సింక్ దగ్గర నిలబడి తడిగుడ్డతో ఒళ్లు తుడుచుకుంటున్నారు. కొడుకు చేత స్నానం చేయించుకోవడం ఆవిడకు ఇష్టం లేదు. బాత్ బోర్డు (తొట్టి అంచుల మీద కూర్చునే పలక) పెట్టి చూశాం, ఎడమ కాలు తొట్టి అంచు దాటలేదు. బాత్ లిఫ్ట్ (తొట్టిలోకి దించే సీటు) ఆలోచించాం, దానికీ కాళ్లు లోపలికి తిప్పాల్సిందే, నడుము నిలవడం లేదు. ఇక షవర్ ఒక్కటే దారి. చూశారా, చవకైన మార్గాలన్నీ ఎందుకు పనికిరాలేదో చెప్పాకే ఖరీదైనది అడుగుతుంది.

ఎందుకంటే ఆ పని డిసేబుల్డ్ ఫెసిలిటీస్ గ్రాంటు (వైకల్యం ఉన్నవాళ్ల ఇంట్లో మార్పులకు ఇచ్చే డబ్బు) కింద జరుగుతుంది. 1996 నాటి చట్టం అది. ఇంగ్లండ్‌లో 30,000 పౌండ్ల వరకు ఇవ్వొచ్చు, పెద్దవాళ్లకైతే ఆదాయం, పొదుపు లెక్క చూస్తారు. ఈ మార్పు అవసరమా, ఈ మనిషికి తగినదా అన్నదానికి ఆధారం మీ అసెస్‌మెంటు. ఆ ఇంట్లో అది కట్టడం సాధ్యమా అన్నది హౌసింగ్ వాళ్లు చూస్తారు. గ్రాంటుకు ఒప్పుకునేవాళ్లు ఆవిడను ఒక్కసారి కూడా చూసి ఉండరు, మీ రెండు పేజీలే చూస్తారు. మీకు ఫోన్ చేసి అడగాల్సిన అవసరం లేకుండా సంతకం పెట్టారంటే మీరు సీనియర్ పని చేస్తున్నట్టే.

ఇక జీతం మెట్ల సంగతి. ఎన్‌హెచ్‌ఎస్ బ్యాండ్లతో పోల్చుకోకండి, కౌన్సిళ్లకు వాటి గ్రేడ్లు వాటికి ఉంటాయి. కొన్నిచోట్ల ఖాళీ లేకపోయినా, మీ పని చూపించి పై గ్రేడుకు వెళ్లే పద్ధతి ఉంటుంది. కొన్నిచోట్ల పోస్టు పడితేనే. మీ దగ్గర ఏ పద్ధతో హెచ్‌ఆర్‌ని రాతపూర్వకంగా అడగండి. బాగా పనిచేస్తుంటే వాళ్లే గుర్తిస్తారులే అని మనం ఊరుకుంటాం. అడగందే అమ్మైనా పెట్టదు, మేనేజర్ పెడతారా? సూపర్‌విజన్‌కి (మీ పని గురించి మేనేజర్‌తో కూర్చుని మాట్లాడుకునే సమావేశానికి) వెళ్లి "అంతా బాగానే ఉంది" అని వచ్చేయకండి. తేలని కేసు ఒకటి, నేర్చుకోవాలనుకుంటున్నది ఒకటి పట్టుకెళ్లండి. దానికో తేదీ వేయించుకోండి. కొత్త సోషల్ వర్కర్లకు మొదటి ఏడాది అండగా ప్రత్యేక కార్యక్రమం ఉంది, ఓటీలకు అది వర్తించదు. అయితే మన రిజిస్ట్రేషన్ చూసే సంస్థ హెచ్‌సీపీసీ 2023లో ప్రిసెప్టర్‌షిప్ (కొత్తగా చేరినవాళ్లకు అండగా ఉండటం) సూత్రాలు ప్రకటించింది. అవి చూపించి, కుదురుకునే దాకా కేసులు తక్కువ ఇమ్మని అడగొచ్చు.

హెచ్‌సీపీసీ రిజిస్ట్రేషన్ రెండేళ్లకోసారి రెన్యూ చేసుకోవాలి. ఓటీలకు తర్వాతి గడువు 2027 అక్టోబర్ నెలాఖరు. అప్పుడు నూటికి రెండున్నర మంది చొప్పున లాటరీలా ఎంచి, ఏం నేర్చుకున్నారో చూపమంటారు. ఇన్ని గంటలు, ఇన్ని పాయింట్లు అనే లెక్క లేదు. నేర్చుకున్నదాని వల్ల మీ పని ఎలా మారింది, ఎవరికి మేలైంది అని అడుగుతారు. వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే వీకెండ్ సర్టిఫికెట్లు పోగేయడం, నన్నడిగితే, డబ్బు దండగ. వెనక్కొచ్చిన ఆ షవర్ రిపోర్టు గురించి పేరు, చిరునామా లేకుండా పది వాక్యాలు రాసుకోండి, అంతకన్నా విలువైనది.

కాస్త కుదురుకున్నాక దారులు చాలానే ఉన్నాయి. స్టూడెంట్లకు ప్రాక్టీస్ ఎడ్యుకేటర్‌గా (పనిలో నేర్పేవాళ్లుగా) ఉండటం అన్నిటికన్నా తేలిగ్గా దొరుకుతుంది, ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికీ బాగుంటుంది. రిజిస్టర్ అయ్యాక రెండేళ్ల అనుభవం ఉంటే బెస్ట్ ఇంట్రెస్ట్స్ అసెసర్ (సొంతంగా నిర్ణయం తీసుకోలేనివాళ్ల మేలు ఏమిటో తేల్చేవాళ్లు) కోర్సుకు వెళ్లొచ్చు. మెంటల్ హెల్త్ వైపు ఆసక్తి ఉంటే, అప్రూవ్డ్ మెంటల్ హెల్త్ ప్రొఫెషనల్ (మానసిక ఆరోగ్య చట్టం కింద నిర్ణయాలు తీసుకునేవాళ్లు) కావడానికి ఓటీలూ అర్హులే, కానీ అందులో ఎక్కువమంది సోషల్ వర్కర్లే కనిపిస్తారు. మనిషిని ఎత్తి దించే హాయిస్టులు, వాటి పట్టీలైన స్లింగుల మీద పట్టుంటే మూవింగ్ అండ్ హ్యాండ్లింగ్ వైపు చూడండి. ఇద్దరు కేరర్లు చేసే పనిని సరైన పరికరంతో ఒక్కరే క్షేమంగా చేయగలరని నిరూపించే ఓటీకి కౌన్సిళ్లలో మంచి గిరాకీ. పైన టీమ్ మేనేజర్, కొన్ని కౌన్సిళ్లలో ప్రిన్సిపల్ ఓటీ పోస్టులు కూడా ఉంటాయి.

అన్నట్టు, మన డ్రైవింగ్ లైసెన్సుతో ఇక్కడ కారు నడపడానికి ఏడాదే గడువు. ఇళ్లకు తిరిగే ఉద్యోగం కాబట్టి టెస్టు స్లాటు ఇప్పుడే వెతుక్కోండి.

ఎన్‌హెచ్‌ఎస్‌కి మారడంలో తప్పేమీ లేదు. కాకపోతే వీసా స్పాన్సర్ (ఉద్యోగం ఇచ్చే సంస్థ) మారితే కొత్త స్పాన్సర్‌షిప్ సర్టిఫికెట్, కొత్త వీసా అప్లికేషన్, అది వచ్చేదాకా ఆగడం, ఆ టెన్షన్ అంతా ఉంటుంది. ఉన్నచోటే మేనేజర్ పోస్టుకు వెళ్లినా వీసాకు సంబంధించిన ఉద్యోగం కోడ్ మారుతుందేమో ఒప్పుకునే ముందే హెచ్‌ఆర్‌ని అడగండి. ఎన్‌హెచ్‌ఎస్‌కి మారే ముందు ఇంకొకటి చూడండి. కౌన్సిళ్లలో వైకల్యం ఉన్న పిల్లల కోసం పనిచేసే ఓటీలు ఉంటారు. మీ హైదరాబాద్ అనుభవం అక్కడ నేరుగా పనికొస్తుంది. పిల్లల గ్రాంటుకు తల్లిదండ్రుల ఆదాయం లెక్క కూడా చూడరు. వచ్చే సూపర్‌విజన్‌లో ఆ టీమ్‌తో కొన్ని రోజులు షాడోయింగ్ (వెంట ఉండి పని చూడటం) అడగండి, ఖాళీ పడేసరికి వాళ్లకు మీ ముఖం తెలిసి ఉంటుంది.