ఒకే మీటల అమరికతో తెలుగూ, ఒడియా

ప్రశ్న: బరంపురంలో జిరాక్స్, డీటీపీ దుకాణం నడుపుతున్నాను. విండోస్ 10కు 2025 అక్టోబరు 14తో మద్దతు ఆగిపోవడంతో పాత కంప్యూటరులో దాని బదులు లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేయించాను. తహసీలు కార్యాలయానికి ఇచ్చే దరఖాస్తులు ఒడియాలోనూ, మనవాళ్ల పెళ్లిపత్రికలు తెలుగులోనూ టైపు చేయాలి. రెండింటికీ వేర్వేరు సాఫ్ట్‌వేర్లు కొనాలా? పాత డీటీపీ ఫైళ్లు తెరిస్తే అర్థంలేని ఇంగ్లిషు అక్షరాలు కనిపిస్తున్నాయి, ఎందుకు?

జవాబు: ఏదీ కొననక్కరలేదు. సెట్టింగుల్లో కీబోర్డు విభాగానికి వెళ్లి, లేఅవుట్ల, అంటే మీటల అమరికల, జాబితాలో తెలుగును, ఒడియాను చేర్చుకోండి. ఒడియా కనిపించకపోతే ఒరియా అన్న పాత పేరుతో వెతకండి. రాష్ట్రం పేరు 2011లో మారినా ఇలాంటి జాబితాల్లో పాత పేరే మిగిలిపోయి ఉండవచ్చు. ఈ రెండూ ఇన్‌స్క్రిప్ట్ అమరికలు. బ్రాహ్మీ నుంచి పుట్టిన భారతీయ లిపులకు వర్ణక్రమం దాదాపు ఒకటే కాబట్టి, ఒక ధ్వనికి ఏ భాషలోనైనా ఒకే మీట ఉండేలా దీన్ని రూపొందించారు. వి, ఐ, జె మీటలు వరుసగా నొక్కితే తెలుగులో ‘నగర’ వస్తుంది, లేఅవుట్ మార్చి అవే నొక్కితే ఒడియాలోనూ అదే మాట వస్తుంది. తెలుగులో ఆపైన ఎక్స్ నొక్కితే సున్న చేరి ‘నగరం’ అవుతుంది. జోడాక్షరాలకు రెండు హల్లుల మధ్య డి మీట, అంటే పొల్లు, నొక్కాలి. ‘శక్తి’లో తెలుగు తకారం ఒత్తుగా కిందికి దిగడం, ఒడియాలో రెండక్షరాలూ కలిసి వేరే రూపం దాల్చడం కంప్యూటరే చూసుకుంటుంది. ఒడియాలో ఎకార ఒకారాలకు హ్రస్వ దీర్ఘ భేదం లేదు కనుక, తెలుగులో ఎత్వానికి జెడ్, ఏత్వానికి ఎస్ నొక్కే మీరు అక్కడ ఎస్ ఒక్కటే వాడాలి. ఇంగ్లిషు అక్షరాలతో ఉచ్చారణను బట్టి కొట్టే పద్ధతి మొదట సులువనిపించినా, రోజంతా రెండు భాషల్లో టైపు చేసేవారికి ఇన్‌స్క్రిప్టే మేలని నా అభిప్రాయం; వేళ్లకు పట్టుబడేవరకు కొన్నాళ్లు విసుగు తప్పదు.

ఒక్కో విండోకు ఒక్కో లేఅవుట్ గుర్తుంచుకునే ఐచ్ఛికం కూడా అదే విభాగంలో ఉంటుంది. దాన్ని ఎంచుకుంటే ఒక విండోలో పత్రిక, మరొకదానిలో దరఖాస్తు తెరిచి ఉంచుకుని, మాటిమాటికీ భాష మార్చకుండా పని చేసుకోవచ్చు.

పత్రాలు టైపు చేసుకునే ఉచిత సాఫ్ట్‌వేర్ లిబ్రాఫీస్ రైటర్‌లో చాలామంది తికమకపడే సంగతి ఒకటుంది. తెలుగు, ఒడియా రెండూ అందులో సంక్లిష్ట లిపులు, అంటే సీటీఎల్ కిందికి వస్తాయి, వాటి ఫాంటు ఇంగ్లిషు ఫాంటుకు వేరుగా నమోదవుతుంది. అందుకే పేరా స్టైలులో, అంటే పేరా రూపురేఖలు నిర్ణయించేచోట, ఇంగ్లిషుకు కేటాయించిన ఫాంటు ఎన్నిసార్లు మార్చినా తెలుగు మారదు. పైగా ఆ సీటీఎల్ గడి రెండు భాషలకూ ఒక్కటే. అక్కడ తెలుగు ఫాంటు పెడితే ఒడియా అక్షరాలను కంప్యూటరు తనకు దొరికిన మరో ఫాంటుతో చూపిస్తుంది. తెలుగుకొకటి, ఒడియాకొకటి విడివిడిగా పేరా స్టైళ్లు చేసి పెట్టుకుంటే ఈ తగాదా ఉండదు. అక్షరాలకు బదులు గళ్లు కనిపిస్తే నోటో అనే ఉచిత ఫాంట్లు వేసుకోండి.

పాత ఫైళ్ల విషయంలో తప్పు లినక్స్‌ది కాదు. అవి ప్రతి భాష అక్షరానికీ సొంత సంకేతం ఇచ్చే యూనికోడ్‌కు ముందటి పద్ధతిలో, ఇంగ్లిషు అక్షరాల సంకేతాలపైనే తెలుగు రూపాలను గీసిన ఫాంట్లతో చేసినవి. ఆ ఫాంటు లేనిచోట అడుగున ఉన్న ఇంగ్లిషే బయటపడుతుంది. మళ్లీ అచ్చు వేయడమే పనైతే, విండోస్‌తోపాటు ఆ ఫాంట్లు ఇంకా ఉన్న కంప్యూటరు ఏదైనా దొరికితే అందులో తెరిచి వాటిని పీడీఎఫ్‌లుగా భద్రపరచండి. దిద్దవలసిన వాటిని మాత్రం యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టరుతో మార్చి, ఒత్తులను, సున్నలను ఒకసారి కంటితో సరిచూసుకోండి. పెళ్లిపత్రికలో ఇంటిపేరు తప్పుపడితే దుకాణానికి వచ్చేది వియ్యాలవారే.