మీటరు చూడు బుజ్జీ

చిరంజీవి బుజ్జికి,

పెదనాన్న ఆశీస్సులు. నువ్వు ఉద్యోగం మానేసి ఆఫీసులకు కాపియర్లు అద్దెకిచ్చే వ్యాపారం పెడుతున్నావని మీ నాన్న చెప్పాడు. ఫోన్లో గర్వంగానే మాట్లాడాను, పెట్టేశాక టెన్షన్ పట్టుకుంది. "కాగితమే తగ్గిపోతుంటే ఇప్పుడా?" అని నీకు అందరూ చెప్పే ఉంటారు, నేను చెప్పను. నా భయం వేరు.

పాత మిషన్ కొంటే కౌంటర్, అంటే ఇప్పటిదాకా ఎన్ని కాపీలు తీసిందో చూపే మీటరు, చూడకుండా డబ్బివ్వకు. టోనరు (ఇంకు పొడి) ఎండ తగలని చోట పెట్టు. ఇవి నీకు తెలిసినవే.

నీకు తెలియనిది, నేను ఎవరికీ సరిగ్గా చెప్పనిది ఒకటుంది. 1990ల చివర్లో ఫ్యాక్స్ మిషన్లు నా దగ్గర నెలనెలా ఎక్కువ అమ్ముడయ్యేవి. 1980లో గ్రూప్ 3 అనే ఫ్యాక్స్ ప్రమాణం వచ్చాక పేజీ ఒక నిమిషంలో వెళ్లిపోయేది కదా, చిన్న ఆఫీసులూ కొనేవి. ఇది ఆగదనుకున్నాను. అప్పు తెచ్చి గది నిండా మిషన్లూ, వాటిలో వేసే థర్మల్ పేపరు రోల్సూ దింపాను.

అప్పటికే ఖాతా పుస్తకంలో ఒక సంగతి కనబడుతూనే ఉంది. నెలకు పది రోల్స్ తీసుకునే పాత కస్టమర్లు ఆరే తీసుకుంటున్నారు. వేరేచోట కొంటున్నారని ఒకాయనతో పోట్లాటకు వెళ్లాను. ఆయన నవ్వి, "సంతకాలున్న కాగితాలకే ఫ్యాక్స్, మిగతావన్నీ ఈమెయిల్లో పంపేస్తున్నాం" అన్నాడు. చెవులారా విన్నాను. విని వచ్చి, ఆ వారమే ఇంకో లోడు ఆర్డర్ పెట్టాను! మూర్ఖత్వానికి ఇంతకంటే పేరు లేదు. కొత్త మిషన్లు అమ్ముడవుతున్నాయన్న సంబరంలో, ఉన్న మిషన్లు ఊరికే కూర్చున్నాయని చూడలేదు.

తర్వాత ఆ గది వేడికి రోల్స్ అంచులు నల్లబడ్డాయి. థర్మల్ పేపరుకు ఇంకు ఉండదు, వేడే ఇంకు. అప్పుడు నీకు నాలుగేళ్లు. గోటితో గీకితే గీత పడుతుందని కనిపెట్టి, ఒక రోలంతా పిల్లుల బొమ్మలు వేశావు. నిన్ను కసిరాను కూడా. మీ పెద్దమ్మ ఆ రోజు నాతో మాట్లాడలేదు. ఆ అప్పు తీరడానికి ఆరేళ్లు పట్టింది.

అందుకే మిషన్లు ఎన్ని పెట్టావో నాకు లెక్క చెప్పకు. ప్రతి కస్టమర్ మీటరు చెప్పు, నలుపూ కలరూ విడివిడిగా. 1959లో వచ్చిన జెరాక్స్ 914 బరువు దాదాపు 300 కిలోలు. దాన్ని అద్దెకిచ్చి, తీసిన కాపీలను బట్టి డబ్బు తీసుకునేవాళ్లు. ఈ వ్యాపారంలో డబ్బు అప్పటినుంచీ మీటర్లోనే ఉంది. మీటరు మూడు నెలలు వరసగా తగ్గితే వెళ్లి అడుగు. నాలా పోట్లాడకు.

ఇప్పుడు ఇంకో చిక్కు. జనం కాపీ మానేసి స్కాన్ చేస్తున్నారు. కాంట్రాక్టుల్లో ఎక్కువగా స్కాన్‌కు క్లిక్ చార్జీ (పేజీకింత అని తీసుకునే డబ్బు) ఉండదు, పైన కాగితాలను లోపలికి లాగే ఫీడర్ రోలర్లు మాత్రం అరుగుతూనే ఉంటాయి. ఫీడర్ రిపేరు ఖర్చు ఎవరిదో కాంట్రాక్టులో ముందే రాయించు. కస్టమర్ నెలకు తప్పక డబ్బు కట్టాల్సిన కనీస కాపీల సంఖ్యను పోయినేడాది లెక్కతో కాకుండా ఈ మూడు నెలల లెక్కతో పెట్టు.

ఫ్యాక్సంటావా, జపాన్లోనూ, కొన్ని దేశాల ఆసుపత్రుల్లోనూ ఇంకా బతికే ఉంది. అడిగినవాళ్లకు కాపీ, ప్రింట్, స్కాన్ అన్నీ చేసే మల్టీఫంక్షన్ మిషన్లో ఫ్యాక్స్ బోర్డు వేసివ్వు. విడి మిషన్ ఒక్కటి కూడా స్టాకు పెట్టకు. ఒక్కటి కూడా!

కంపెనీలు కలిసిపోతున్నాయి చూశావా? 2024లో రికో, తోషిబా టెక్ కలిసి ఎట్రియా అనే ఉమ్మడి కంపెనీ మొదలుపెట్టాయి. 2025లో జెరాక్స్, ప్రింటర్లు చేసే లెక్స్‌మార్క్‌ను కొనేసింది. మార్కెట్ పెరుగుతుంటే ఇంత తొందరుండదు. రేపు నీ మోడల్‌ను ఆపేస్తే డ్రమ్ము, ఫ్యూజర్ లాంటి పార్టులు ఎక్కడ తెస్తావు? పార్టులు ఎన్నేళ్లు ఇస్తారో కాగితం మీద తీసుకో.

అద్దె నుంచి తిరిగొచ్చిన మిషన్లో హార్డ్ డిస్క్ ఉంటే, పాత కస్టమర్ కాగితాల కాపీలు అందులో మిగిలి ఉండొచ్చు, తుడిచేశాకే ఇంకొకరికివ్వు.

నీ పిల్లుల కాగితం ఇంకా నా బీరువాలో ఉంది. నిన్న తీసి చూస్తే గీతలన్నీ వెలిసిపోయాయి, ఒక తోక మాత్రం కొంచెం కనిపిస్తోంది. అప్పట్లోనే దానికి జెరాక్స్ తీసి పెట్టాల్సింది, అంత మిషన్ పక్కనే ఉండి కూడా తట్టలేదు.

మొదటి నెల మీటరు రీడింగులు పంపించు. కూర్చుని చూద్దాం.

మీ పెదనాన్న