పుస్తకాలా, క్వాయరా? ఏదీ వదలకండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: విజయవాడలో ఉద్యోగం, ఇద్దరు పిల్లలు, ఇంట్లో పెద్దవాళ్లు. చిన్నప్పటినుంచీ పుస్తకాలంటే ప్రాణం. ఇప్పుడు మీ చర్చి క్వాయర్‌లో, అంటే పాటల బృందంలో, చేరమంటున్నారు. చేరితే చదువుకోవడానికి మిగిలిన ఆ కాస్త టైమూ పోతుందేమోనని టెన్షన్. రెండింట్లో ఏది వదులుకోవాలి అని అడిగారు.

ఏదీ వదలకండి, చేరండి. మాది గుంటూరు, ఉద్యోగం మీ ఊళ్లోనే. ఏళ్లుగా మా చర్చి క్వాయర్‌లో ఆల్టో (ఆడవాళ్లలో కింది స్థాయి గొంతు) పాడుతున్నాను. క్వాయర్‌లో చేరాకే నా చదువు పెరిగింది తప్ప తగ్గలేదు.

పుస్తకానికి ఓపిక ఎక్కువ. వారం రోజులు తెరవకపోయినా ఏమీ అనదు. అందుకే ఇంట్లో ఏ పనొచ్చినా ముందు పక్కకు జరిగేది అదే. క్వాయర్ అలా కాదు. శనివారం సాయంత్రం ఆరింటికి ప్రాక్టీసంటే ఆరింటికే. ఆల్టోలో ఒకరు రాకపోతే ఆ లోటు చెవికి తెలుస్తుంది. "ఏమ్మా, పోయిన వారం కనపడలేదే" అని అడిగే మనుషులుంటారు. అలా అడిగేవాళ్లుండబట్టే మా ఇంట్లో శనివారం సాయంత్రానికి ఒక విలువ వచ్చింది. మొదట్లో మా అత్తయ్య "ఎన్నింటికొస్తావు?" అనేవారు. ఇప్పుడు ఆవిడే టీ పెట్టిచ్చి "టైమవుతోంది, బయల్దేరు" అంటారు. నేను లేకుండా రెండు గంటలు ఇల్లు నడుస్తుందని అందరికీ, ముఖ్యంగా నాకు, తెలిశాక పుస్తకానికీ చోటు దొరికింది. రాత్రి వంటిల్లు సర్దేసి గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంటే ఇప్పుడెవరూ పిలవరు.

మీకు ఉపయోగపడుతుందనుకునే విషయం ఇంకోటుంది. హిమ్ (చర్చిలో పాడే స్తుతి పాట) చివర్లో ఒక్కోసారి ఒకే స్వరాన్ని చాలాసేపు పట్టుకోవాలి. అంత ఊపిరి ఎవరికీ ఉండదు. అయినా వినేవాళ్లకు ఎక్కడా తెగినట్టు అనిపించదు. ఎలాగంటే, పక్కనున్న మనిషి శ్వాస తీసే చోట మనం తీయకూడదు. అందరికీ తీయాలనిపించే మాట చివర కాకుండా అచ్చు అక్షరం సాగుతుండగా మధ్యలో గొంతు మెల్లగా తగ్గించి, ఊపిరి తీసుకుని, మళ్లీ అంతే మెల్లగా కలవాలి. గబుక్కున కలిస్తే ఆ ఒక్క గొంతే బయటికి వినిపిస్తుంది. నేర్చుకునేటప్పుడు కష్టమైంది ఊపిరి కాదు, నేను ఆపినా పాట ఆగదని నమ్మడం. పక్కావిడ పట్టుకుని ఉంటుంది. కాసేపటికి ఆవిడ ఆపితే నేను పట్టుకుంటాను. మావారూ నేనూ ఇంటి పనులు ఇలాగే చూసుకోవడం మొదలుపెట్టాం. ఇద్దరం ఒకే రోజు అలిసిపోకుండా చూసుకుంటాం. ఆయనకు నెలాఖరు పని ఎక్కువ, ఆ వారం పిల్లల హోంవర్కు నాది. నాకు క్రిస్మస్ ముందు ప్రాక్టీసులు ఎక్కువ, అప్పుడు ఆయనది.

కలిసి పాడితే మనసు తేలికపడుతుందని క్వాయర్‌లో అందరూ అంటారు. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయంవాళ్లు 2013లో ప్రచురించిన ఒక పరిశోధనలో, కలిసి పాడేవాళ్ల గుండె వేగం కూడా ఒకేసారి పెరుగుతూ తగ్గుతూ ఉండటం గమనించారు. పాట అందరి శ్వాసనూ ఒక పద్ధతిలో పెడుతుంది, గుండె దాన్ని అనుసరిస్తుంది. శనివారం రాత్రి నాకు నిద్ర బాగా పట్టడానికి కారణం ఇదేనని నా నమ్మకం.

ఇక చదవడం. రోజూ గంట కేటాయించాలనే లెక్క పెట్టుకోకండి. నా చదువులో సగం రైల్లోనే. గుంటూరులో సీటు దొరికితే కృష్ణా కెనాల్ స్టేషన్ దాటేదాకా తల ఎత్తను. మీకు రైలు లేకపోతే బస్సు, అదీ లేకపోతే పిల్లల ట్యూషన్ బయట కూర్చునే సమయం. పుస్తకాల కోసం మీరు ఎక్కడికో వెళ్లక్కర్లేదు. లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాలు, ఏలూరు రోడ్డులో కొత్తవి. 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది మీ బెజవాడలోనే. మా గుంటూరువాళ్లకు బృందావన గార్డెన్స్‌లో అన్నమయ్య గ్రంథాలయం ఉంది. సెలవు రోజు అక్కడ కూర్చుంటే భోజనం వేళ కూడా గుర్తురాదు.

ఒకటి మాత్రం గట్టిగా చెప్తాను. బ్యాలెన్స్ అనేది రోజు లెక్కలో వెతికితే దొరకదు, ఏడాది మొత్తం మీద చూసుకోవాలి. డిసెంబరులో కేరల్ రౌండ్స్ (ఇంటింటికీ వెళ్లి క్రిస్మస్ పాటలు పాడటం), రిహార్సల్స్‌తో నేను పేజీ తిప్పను. దాని గురించి బాధపడను కూడా. జనవరి రాగానే విజయవాడ పుస్తక మహోత్సవం ఉంటుంది కదా, 1989 నుంచీ జరుగుతున్నది. అక్కడ కొన్నవి వేసవి దాకా వస్తాయి. నేను తగ్గించుకున్నది వేరే: పెళ్లికి ముహూర్తానికో రిసెప్షన్‌కో ఏదో ఒకదానికే వెళ్తాను. మొదట్లో చుట్టాలు నొచ్చుకున్నారు, తర్వాత అలవాటు పడ్డారు.

(చర్చికి వెళ్లనివాళ్లు ఇది చదువుతుంటే: త్యాగరాజ ఆరాధనలో పంచరత్నాలు అందరూ కలిసి పాడతారు. వాటిని నేర్పే సంగీతం టీచర్లు మన రెండు ఊళ్లలోనూ ఉన్నారు. అక్కడా ఇదే సుఖం.)

నోటేషన్ (స్వరాలు రాసే గుర్తులు) చదవడం రాదు, ఫర్వాలేదా అని కూడా అడిగారు. ఫర్వాలేదు. మన తెలుగు కీర్తనలకు పైన రాగం, తాళం వేసి ఉంటాయి, అందరం ఒకే వరుసలో పాడతాం, రెండు ఆదివారాల్లో వచ్చేస్తాయి. కష్టమల్లా నాలుగు పార్టుల హిమ్స్‌తోనే, అంటే నాలుగు రకాల గొంతులు ఒకేసారి వేర్వేరు వరుసల్లో పాడేవాటితో. ఆల్టో చాలాచోట్ల ఒకే స్వరం మీద నిలబడి ఉంటుంది, పైన సొప్రానో (ఆడవాళ్ల పై స్థాయి గొంతు) హాయిగా తిరుగుతుంటుంది. తెలియకుండానే మన గొంతు అటు లాగేస్తుంది. మీ పార్టు ఒక్కటే కీబోర్డు మీద వాయించమని అడిగి ఫోన్‌లో రికార్డు చేసుకోండి, వంట చేస్తూ వినండి. మొదటి నెల బాగా పాడే ఆవిడ పక్కన నిలబడతానని క్వాయర్ మాస్టర్‌ని మీరే అడగండి, ఎవరూ ఏమీ అనుకోరు. పాట కాపీ మీద మాత్రం పెన్సిల్‌తోనే రాసుకోండి. శ్వాస గుర్తులు ప్రతి ప్రాక్టీసుకీ మారుస్తూ ఉంటారు.