డిసెంబరు సెలవులకు చెన్నై నుంచి అండమానా, గోకర్ణమా?

అమ్మానాన్నలతో చెన్నై నుంచి అండమాన్‌కో, కర్ణాటక తీరంలోని గోకర్ణానికో వెళ్లాలన్నారు కదా, డిసెంబరే ఖాయమైతే నా ఓటు గోకర్ణానికే. ఈశాన్య రుతుపవనాలు, బంగాళాఖాతంలో వాయుగుండాల బెడద అప్పటికింకా పూర్తిగా పోదు. సముద్రం అల్లకల్లోలమైతే అండమాన్‌లో దీవుల మధ్య ఫెర్రీలు ఆపేస్తారు. హేవ్‌లాక్ దీవిలో ఇరుక్కుపోయి తిరుగు విమానం గురించి టెన్షన్ పడాలి. పడమటి తీరంలో ఆ నెల సాధారణంగా పొడిగానే ఉంటుంది. గోకర్ణంలో ఓం బీచ్‌కి మెట్లు దిగాలి, మోకాళ్ల నొప్పులుంటే కష్టం. గుడి దగ్గరి మెయిన్ బీచ్ చాలు, పెద్దవాళ్లకి మహాబలేశ్వరుడి దర్శనమూ అయిపోతుంది.

ప్రయాణం ఫిబ్రవరికి జరపగలిగితే మాత్రం అండమానే, ఇక ఆలోచించక్కర్లేదు. పోర్ట్ బ్లెయిర్‌కి (2024 నుంచి శ్రీ విజయపురం) విమానంలో రెండున్నర గంటల లోపే. ఓడ కూడా ఉంది గానీ రెండు మూడు రోజులు ఊగుతూ పోవాలి, పెద్దవాళ్లతో వద్దు. హేవ్‌లాక్‌లో గది తీసుకునే ముందు ఒకటి చూసుకోండి: తూర్పు ఒడ్డు రిసార్టుల ముందు ఆటు వేళ నీళ్లు బాగా వెనక్కిపోయి రాళ్లు బయటపడతాయి, స్నానం కుదరదు. ఇసుకలో హాయిగా దిగాలంటే పడమటి వైపు రాధానగర్ బీచ్‌కి వెళ్లాల్సిందే.

ఈ రెండూ కాక లక్షద్వీప్ అనుకుంటే, దానికి పర్మిట్ కావాలి, ఆ పని ముందే మొదలుపెట్టాలి.